ఒక్క మార్కు జ్ఞాపకం

చిక్కడపల్లి. నగర కేంద్ర గ్రంథాలయం. తలుపులు తెరవకముందే గేటు దగ్గర బ్యాగులు వరుస కడతాయి. ఆ బ్యాగుల తాలూకు మనుషులేమో పక్క సందులో టీ తాగుతూనో, బండి దగ్గర ఇడ్లీ తింటూనో... నిన్న చదివింది ఒకరికొకరు అప్పజెప్పుకుంటుంటారు.

'జీవో 36 ఎప్పుడొచ్చింది?'
'1969 జనవరి 21.'
'తొలి అమరుడు?'
'శంకర్‌. సదాశివపేట.'
'మొత్తం ఎంతమంది?'
'369.'

టక్కున జవాబు. ఒక్క మార్కు! టీ గ్లాసు పక్కన పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

అడిగినవాడికీ చెప్పినవాడికీ ఇరవై రెండో ఇరవై నాలుగో ఏళ్లుంటాయి. ఆ ప్రశ్నలోని శంకర్‌కు 17. వీళ్లు పొద్దున్నుంచి రాత్రిదాకా ఆ చెక్క కుర్చీలో కూర్చునేది సర్కారు కొలువు కోసం. అప్పుడు వాళ్లు తరగతి గదులు వదిలి రోడ్డు మీదికి వచ్చిందీ దాని కోసమే. మధ్యలో యాభై ఏళ్లకు పైగా కాలం గడిచింది. ఒక తరం నెత్తురు ఇంకో తరానికి సిలబస్‌ అయింది.

మరి ఆ రెండింటి మధ్యా ఆ జ్ఞాపకం ఎక్కడ బతికింది? కథల్లోనా, కవితల్లోనా, పాటల్లోనా, రాతిలోనా?

చదువు ఆగిన ఏడాది

కథ 1956తో మొదలవుతుంది. ఆంధ్రరాష్ట్రమూ తెలంగాణా కలవడానికి ముందు, ఆ ఏడాది ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే అన్నవి అందులో ముఖ్యమైన మాటలు. ఆ మాటలు కాగితం మీదే మిగిలిపోయాయన్న అసంతృప్తి పన్నెండేళ్లపాటు లోలోపల రగిలింది.

1969 జనవరి మొదట్లో పాల్వంచ థర్మల్‌ విద్యుత్‌ కేంద్రంలో కొలువుల విషయమై ఆందోళన రేగింది. జనవరి 8న ఖమ్మంలో రవీంద్రనాథ్‌ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నాడు. రోజుల్లోనే ఆ వేడి ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పాకింది. 19న అఖిలపక్ష ఒప్పందం జరిగింది. ముల్కీ కానివారిని ఆ ఉద్యోగాల నుంచి వెనక్కి పంపుతామంటూ 21న జీవో 36 వచ్చింది. కానీ అప్పటికే విద్యార్థులు రెండుగా చీలారు. ఇచ్చిన రక్షణలు అమలు చేస్తే చాలన్నవాళ్లు కొందరు, ప్రత్యేక రాష్ట్రం తప్ప దారి లేదన్నవాళ్లు మరికొందరు.

జనవరి 24న సదాశివపేటలో పోలీసులు కాల్పులు జరిపారు. గాయపడిన శంకర్‌ మర్నాడు కన్నుమూశాడు. అక్కణ్నుంచి ఉద్యమం ఎవరి చేతుల్లోనూ లేదు. స్థానికులకు ఉద్యోగ రక్షణ కల్పించిన చట్టంలోని నిబంధన చెల్లదని మార్చి 28న సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టు తలుపు కూడా మూసుకుందన్న నిరాశతో ప్రత్యేక రాష్ట్రం మాట బలపడింది. ఏప్రిల్‌ 4న సికింద్రాబాద్‌లో తూటాలు పేలాయి. మే 1న చార్మినార్‌ నుంచి రాజ్‌భవన్‌కు ఊరేగింపుగా బయల్దేరిన జనంపై లాఠీలూ తుపాకులూ విరుచుకుపడ్డాయి. జూన్‌లో మర్రి చెన్నారెడ్డి, విద్యార్థి నాయకుడు మల్లికార్జున్‌ లాంటివాళ్లను నిర్బంధించి రాజమండ్రి జైలుకు తరలించారు. కాలేజీలు నెలల తరబడి తెరవలేదు. పరీక్షలు బహిష్కరించారు. వేల ఇళ్లలో పిల్లల చదువు ఒక ఏడాది వెనకబడింది.

నిజానికి ఇది మొదటిసారి కాదు. 1952 సెప్టెంబరులో ముల్కీ ఆందోళన సమయంలో మూసీ ఒడ్డునున్న సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో విద్యార్థులూ యువకులూ ప్రాణాలు కోల్పోయారు. 1969లో రోడ్డెక్కినవాళ్లకు ఆ కథ అన్నల నోటి నుంచో, నాన్నల నోటి నుంచో అందింది.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజాసమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో 10 గెలుచుకుంది. ఆ తర్వాత కొన్ని నెలలకే పార్టీ మొత్తం కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయి పీవీ నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. నాయకులకు పదవులు దొరికాయి. పిల్లల్ని పోగొట్టుకున్న ఇళ్లకు మాత్రం గోడమీద ఫొటో మిగిలింది.

రాతిలో దాచిన లెక్క

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ, హిమాయత్‌నగర్‌ మీదుగా బస్సెక్కితే అరగంటలో అసెంబ్లీ ఎదురుగా దిగొచ్చు. అక్కడే గన్‌పార్క్‌. అందులో అమరవీరుల స్తూపం. రోజూ వేలమంది దాని పక్కనుంచే వెళ్తారు. కానీ దగ్గరికెళ్లి నిదానంగా చూసినవాళ్లు ఎందరుంటారు?

ఆ స్తూపానికి 1970 ఫిబ్రవరి 23న అప్పటి నగర మేయర్‌ లక్ష్మీనారాయణ శంకుస్థాపన చేశారు. తూటాలకు బలైనవాళ్ల గుర్తుగా, తూటాలు పేల్చిన ప్రభుత్వం కూర్చునే చోటికి ఎదురుగా ఒక కట్టడం! సహజంగానే అది సర్కారుకు రుచించలేదు. అడ్డంకులు దాటుకుని అది పూర్తిగా నిలబడటానికి ఏళ్లు పట్టింది.

రూపకర్త శిల్పి ఎక్కా యాదగిరిరావు. పైకి చూస్తే అందమైన రాతికట్టడం. లెక్క తెలిసి చూస్తే అదొక పుస్తకం. అడుగున నల్లరాతి పీఠం. దాని నాలుగు వైపులా తొమ్మిదేసి చిన్న గుండ్రటి గుర్తులు... తూటా దెబ్బలకు ప్రతీకలు. స్తంభం మీద నిలువుగా తొమ్మిది గీతలు. తలమీద తొమ్మిది రేకుల పువ్వు. ఏమిటా తొమ్మిది? అప్పటికి తెలంగాణలో ఉన్న జిల్లాలు తొమ్మిది. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. ఆ తర్వాత పటంలో గీతలు ఎన్నిసార్లు మారినా రాయి మాత్రం 1969 లెక్కే చెబుతోంది.

ఆ స్తూపం మీద ఏ తూటా ఎవరికి తగిలిందో రాసి లేదు. బిగ్గరగా చెప్పలేని రోజుల్లో కట్టిన గుర్తు అది. అందుకే గుట్టుగా చెప్పింది. 1990ల చివర మళ్లీ ఉద్యమం రాజుకున్నప్పుడు జనం ఆ గుట్టును విప్పుకొన్నారు. ఊరేగింపు ఏదైనా ముందుగా గన్‌పార్క్‌కు వెళ్లి పూలు పెట్టి బయల్దేరడం ఆనవాయితీ అయింది. 2014 జూన్‌ 2న రాష్ట్రం వచ్చాక అక్కడ నివాళి ప్రభుత్వ లాంఛనమే అయిపోయింది. 2024 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం సత్కరిస్తామని ప్రకటించిన తొమ్మిది మందిలో కవులూ గాయకుల సరసన యాదగిరిరావు పేరూ ఉంది. ఒకనాడు అడ్డుకున్న శిల్పానికి మరోనాడు సన్మానం!

హుస్సేన్‌సాగర్‌ ఒడ్డున 2023 జూన్‌ 22న ఇంకో స్మారకం వెలిసింది. స్టెయిన్‌లెస్‌ స్టీలుతో మెరిసే దీపం ఆకారం. సెల్ఫీలు దిగడానికి జనం అక్కడికి వెళ్తారు. చరిత్ర వెతుక్కోవాలంటే మాత్రం ఇప్పటికీ ఆ నల్లరాయి దగ్గరికే రావాలి.

నవల ఎందుకు రాలేదు?

రాయి సంగతి సరే. మరి అక్షరం?

తెలంగాణ సాయుధ పోరాటం మీద తెలుగులో నవలలున్నాయి, కథలున్నాయి, ఆత్మకథలున్నాయి, సినిమాలున్నాయి. 1969 దగ్గరికి వచ్చేసరికి ఆ వరస పలచబడుతుంది. వెంటనే గుర్తొచ్చే పెద్ద నవల పేరు చెప్పమంటే సాహిత్యం బాగా చదివినవాళ్లు కూడా కాస్త ఆలోచిస్తారు.

తమాషా ఏమిటంటే, ఉస్మానియా విద్యార్థి జీవితం మీద తెలుగులో వచ్చిన ప్రసిద్ధ నవల 'అంపశయ్య' సరిగ్గా 1969లోనే పుస్తకంగా వెలువడింది. పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న రవి అనే కుర్రాడి ఒక్కరోజు కథ అది. డబ్బుల్లేవు, పరీక్షలు ముంచుకొస్తున్నాయి, మనసు నిలకడగా ఉండదు, రేపేమిటో తెలియదు. ఉద్యమానికి ముందు రాసింది కాబట్టి అందులో ఊరేగింపులుండవు, తూటాలుండవు. కానీ ఆ ఏడాది అంతమంది కుర్రాళ్లు ఒక్కసారిగా రోడ్డెక్కడానికి వెనకున్న గుబులు ఏమిటో తెలియాలంటే ఆ నవల చదవాల్సిందే. దాని రచయితకు ఆ పుస్తకం పేరే ఇంటిపేరై అంపశయ్య నవీన్‌గా స్థిరపడ్డారు. ఆయన తర్వాత రాసిన 'కాలరేఖలు' 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకుంది.

పెద్ద నవల రాకపోవడానికి కారణాలు వెతికితే కొన్ని కనిపిస్తాయి. మొదటిది, ఉద్యమం ముగిసిన తీరు. గెలిచిన పోరాటానికి కథ ఉంటుంది. ఓడిన పోరాటానికీ కథ ఉంటుంది. గెలిచిన సీట్లను తీసుకెళ్లి ఎవరిమీద పోరాడారో వాళ్లకే అప్పగించిన పోరాటాన్ని ఎలా చెప్పాలి? అది చెప్పుకోవడానికి దుఃఖం కంటే సిగ్గు ఎక్కువ అడ్డొస్తుంది.

రెండోది, ఆ కాలమే. అటు శ్రీకాకుళం రగులుతోంది. 1970 జులై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం పుట్టింది. రాసే చేయి ఉన్న యువతరంలో చాలామంది అటు నడిచారు. ఉస్మానియాలో 1972 ఏప్రిల్‌ 14న జార్జిరెడ్డి హత్య జరిగింది. క్యాంపస్‌ జ్ఞాపకాల్లో ఆ పేరు ముందుకొచ్చింది. 2019లో ఆయన జీవితం సినిమా కూడా అయింది.

మూడోది, గాయం ఒకవైపే ఉండిపోలేదు. 1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు చెప్పాక ఆంధ్ర ప్రాంతంలో జైఆంధ్ర ఉద్యమం లేచింది. అక్కడా విద్యార్థులే ముందు నడిచారు. అక్కడా పోలీసు కాల్పులు, అక్కడా చావులు. అటు తల్లీ ఏడ్చింది, ఇటు తల్లీ ఏడ్చింది. ఒకే రాష్ట్రంగా సర్దుకుపోవాల్సినచోట ఈ రెండు ఏడుపుల్నీ బడి పుస్తకంలో పెట్టడం పాలకులకు ఇబ్బంది. మరిచిపోతే మంచిదన్నది అప్రకటిత విధానమైపోయింది.

అయినా కవి ఊరుకోడు కదా. మొదట్లో విశాలాంధ్రను కోరుకున్న కాళోజీ 1969 నాటికి ప్రత్యేక తెలంగాణ వైపు నిలబడ్డారు. తాను ఒకప్పుడు నమ్మినదాన్ని తానే కాదనడానికి వెరవలేదు. 2002లో వచ్చిన 'పొక్కిలి', 'మత్తడి' కవితా సంకలనాలు తెలంగాణ గొంతుకను ఒకచోటికి చేర్చాయి. అప్పటికి 1969 కుర్రాళ్లు యాభై దాటారు. ముప్పై ఏళ్లు మింగిన మాటలు కొత్త తరం కవుల నోట బయటపడ్డాయి.

నోటి మాటే గ్రంథాలయం

పుస్తకాల్లో దొరకని 1969 ఎక్కడుంది? మాటల్లో ఉంది. పాటల్లో ఉంది.

1952లో ముల్కీ ఆందోళన చూసిన విద్యార్థి, 1969లో ఉద్యమంలో నిలిచిన అధ్యాపకుడు, తర్వాత మలిదశకు సిద్ధాంతకర్త... మూడు దశలకూ సాక్షి ప్రొఫెసర్‌ కొత్తపల్లి జయశంకర్‌. ఆయన చెబుతుండగా కొంపెల్లి వెంకట్‌గౌడ్‌ అక్షరబద్ధం చేసిన పుస్తకం పేరే 'వొడువని ముచ్చట'. అంటే ఎంతకీ ముగియని కబురు! జయశంకర్‌ 2011 జూన్‌ 21న కన్నుమూశారు. రాష్ట్రం ఏర్పడటం చూడలేదు. ముచ్చట మాత్రం మిగిలింది.

అదే 2011లో ఇంకో పుస్తకం వచ్చింది. 'నేనే బలాన్ని'. దళిత కుటుంబంలో పుట్టి మంత్రి పదవి దాకా ఎదిగి, 1969 ఉద్యమంలో ముందు వరుసలో నడిచిన టి.ఎన్‌.సదాలక్ష్మి బతుకు కథ. రచయిత్రి గోగు శ్యామల. 1969 అనగానే చెన్నారెడ్డి, మల్లికార్జున్‌ పేర్లు చెప్పి ఊరుకునే అలవాటుకు ఆ పుస్తకం ఒక చురక. వీధుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్లు, బస్తీల జనం, కింది కులాల పిల్లలు కూడా ఆ చరిత్రలో ఉన్నారని అది గుర్తుచేస్తుంది.

ఇక పాట. 1969లో విద్యార్థిగా ఉద్యమంలో తిరిగిన కుర్రాళ్లలో తూప్రాన్‌ నుంచి వచ్చిన గుమ్మడి విఠల్‌రావు ఒకరు. లోకం ఆయన్ను గద్దర్‌గా గుర్తుపెట్టుకుంది. దారి మారి విప్లవోద్యమంలోకి వెళ్లినా, మలిదశలో మళ్లీ తెలంగాణ పాటెత్తుకున్నారు. 2023 ఆగస్టు 6న కన్నుమూసేదాకా ఆ గొంతు ఆగలేదు. తుపాకీని చూసిన కళ్లు పాడిన పాటకు ఉండే బరువు వేరు.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో పుస్తకావిష్కరణ సభలు జరుగుతాయి. అలాంటి సభల్లో ముందు వరుసల్లో జుట్టు నెరిసినవాళ్లు కూర్చుంటారు. మాటల మధ్యలో 'అరవై తొమ్మిదిల...' అని ఎవరైనా మొదలుపెట్టారంటే పక్కవాళ్లు కుర్చీలు దగ్గరికి జరుపుకొంటారు. అధ్యక్షుడు చీటీ పంపించినా ఆ ముచ్చట ఆగదు. వేదిక మీద ఆవిష్కరించిన పుస్తకం ఒకటైతే, వేదిక కింద తెరుచుకునేది ఇంకొకటి. రెండోదానికి ముద్రణ భాగ్యం ఉండదు.

వాళ్లెలా దాచుకున్నారు?

ఇలాంటి గాయాలు లోకంలో ఇంకా ఉన్నాయి. ఆయా జాతులు వాటినెలా దాచుకున్నాయో చూస్తే మనకేం తక్కువైందో తెలుస్తుంది.

ఢాకాలో 1952 ఫిబ్రవరి 21న బెంగాలీ భాష కోసం ఊరేగింపు తీసిన విద్యార్థులపై పోలీసులు కాల్పులు జరిపారు. 23వ తేదీ రాత్రికి రాత్రే వైద్య కళాశాల విద్యార్థులు ఇటుకలు మోసి స్మారకం కట్టారు. 26న పోలీసులు దాన్ని కూల్చేశారు. ఏడాది తిరిగేసరికి జైల్లో ఉన్న మునీర్‌ చౌధురి 'కబర్‌' అనే నాటకం రాశారు. తోటి ఖైదీలే లాంతర్ల వెలుగులో దాన్ని ఆడారు. కూల్చిన స్మారకం మళ్లీ లేచింది. ఇప్పటికీ ఆ తేదీ తెల్లవారుజామున ఢాకా జనం చెప్పుల్లేకుండా నడిచివెళ్లి, పాట పాడి పూలు పెడతారు. 1999లో యునెస్కో ఆ తేదీనే అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవంగా ప్రకటించింది.

మెక్సికోలో 1968 అక్టోబరు 2న త్లతెలోల్కో కూడలిలో విద్యార్థులపై సైన్యం కాల్పులు జరిపింది. ఎలెనా పోనియతోవ్‌స్కా అనే పాత్రికేయురాలు విద్యార్థుల్నీ, తల్లుల్నీ, జైల్లో ఉన్నవాళ్లనీ కలిసి వాళ్లు చెప్పింది చెప్పినట్టుగా పోగుచేశారు. మూడేళ్లు తిరక్కుండానే, 1971లో, అది పుస్తకమైంది. దక్షిణ కొరియాలోని గ్వాంగ్‌జూలో 1980 మేలో సైన్యం అణచివేసిన తిరుగుబాటుకు అక్కడి రచయిత్రి హాన్‌ కాంగ్‌ 2014లో నవల రూపమిచ్చారు. శవాలకు కాపలా ఉన్న ఓ బడిపిల్లాడి చుట్టూ తిరిగే కథ అది. 2024లో ఆమెకు సాహిత్య నోబెల్‌ వచ్చింది.

గమనించారా? ఒకచోట మూడేళ్లకే పుస్తకం వచ్చింది, ఇంకోచోట ముప్పై నాలుగేళ్లకు నవల వచ్చింది. ఆలస్యమైనా ఫర్వాలేదు. కానీ ఎవరో ఒకరు వెళ్లి తలుపు కొట్టాలి, కూర్చుని వినాలి. ఆ పని జరిగినచోట సంఖ్యలు మనుషులయ్యాయి.

369 అన్నది ఉద్యమకారులు చెప్పే లెక్క. సర్కారు లెక్కకూ దానికీ ఏనాడూ పొంతన కుదర్లేదు. ఆ సంఖ్య ఇప్పుడు అందరి నోటా ఉంది. అందులోని పేర్లు చెప్పమంటే మాత్రం నాలుగైదు దాటి చెప్పగలిగేవాళ్లు అరుదు.

దరఖాస్తులో ఓ గడి

మళ్లీ చిక్కడపల్లికి వద్దాం. గ్రంథాలయం దాటి అశోక్‌నగర్‌ వీధుల్లోకి వెళ్తే అడుగడుగునా కోచింగ్‌ సెంటర్లు, స్టడీ హాళ్లు, హాస్టళ్లు, జిరాక్స్‌ షాపులు. రాష్ట్రం వచ్చాక గ్రూప్‌-1 మెయిన్స్‌లో ఆరో పేపరుగా, గ్రూప్‌-2లో నాలుగో పేపరుగా 'తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావం' చేరింది. 150 మార్కులు. అందులో మొదటి భాగం 1948 నుంచి 1970 దాకా. హిమాయత్‌నగర్‌ తెలుగు అకాడమీ పుస్తకాలూ, కోచింగ్‌ మెటీరియలూ చేతులు మారుతూ నలుగుతుంటాయి. ఒకప్పుడు బడి పుస్తకంలో చోటు దొరకని చరిత్రను ఇప్పుడు లక్షలమంది చదువుతున్నారు. అది చిన్న విషయమేమీ కాదు.

అయితే ఆ పిల్లలు గమనించని ముక్క ఒకటుంది. ఉద్యోగ దరఖాస్తులో 'స్థానికత' అనే గడి ఉంటుంది. ఏ తరగతులు ఏ జిల్లాలో చదివారో నింపాలి. చాలామందికి అదొక విసుగు. బోనఫైడ్‌ సర్టిఫికెట్ల కోసం చిన్నప్పటి బడి చుట్టూ తిరగాలి. కానీ ఆ గడి ఊరికే రాలేదు. 1969, 1972 ఉద్యమాల తర్వాత 1973లో ఆరుసూత్రాల పథకం వచ్చింది. దాన్నుంచి రాజ్యాంగంలో 371-డి అధికరణం, దాని కింద 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. 2018లో తెలంగాణకు కొత్త ఉత్తర్వులొచ్చి 95 శాతం కొలువులు స్థానికులకు దక్కాయి. ఆ గడిలో టిక్కు పెట్టిన ప్రతిసారీ 1969 మన చేతికి తగులుతూనే ఉంది. తూటాకు ఎదురెళ్లినవాళ్లు అడిగింది ఆ గడి కోసమే.

కొలువు కోసం వీధికెక్కడమూ ఆగిపోలేదు. 2023 అక్టోబరులోనూ, 2024లోనూ పరీక్షల విషయమై ఇదే అశోక్‌నగర్‌ రోడ్ల మీదికి అభ్యర్థులు వేలసంఖ్యలో వచ్చారు. లాఠీలూ లేచాయి. మర్నాడు పొద్దున్నే అదే పిల్లలు మళ్లీ గ్రంథాలయం గేటు దగ్గర బ్యాగులు పెట్టి, 1969 లాఠీల గురించి చదువుకున్నారు!

పరీక్ష కోసం గుర్తుపెట్టుకున్నది ఫలితాలొచ్చేదాకా ఉంటుంది. కథగా విన్నది మనవళ్లకు చెప్పేదాకా ఉంటుంది. 1969లో ఇరవై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు డెబ్బై అయిదు దాటాయి. వాళ్లలో కొందరు మన ఇళ్లలోనే, పడక్కుర్చీలో కూర్చుని ఇదే పేపరు తిరగేస్తూ ఉంటారు. ఏ వీధిలో పరిగెత్తారో, ఎవరింట్లో దాక్కున్నారో, పక్కనే పడిపోయిన స్నేహితుడి పేరేమిటో ఏ గైడులోనూ ఉండదు. అది వాళ్లకే తెలుసు.

ఈ ఆదివారం కాఫీ కప్పు చేతికిస్తూ ఓ మాట అడిగి చూడండి... 'తాతయ్యా, అరవై తొమ్మిదిలో నువ్వెక్కడున్నావు?' అని.

దానికి మార్కులుండవు. జవాబు మాత్రం చాలా పెద్దది.